సరిహద్దు బడిలో దూరం నుంచి తెలుగు పాఠం: ఒడిశా ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, గోపాలపురం తీరం. ఈ ఊళ్లలో వేల కుటుంబాలకు తెలుగు ఇంటి భాష. బడిలో తెలుగు చెప్పే మాస్టారు పదవీ విరమణ చేస్తే మాత్రం ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోవడం చాలా చోట్ల చూస్తున్నాం. పిల్లలు తెలుగులో గలగలా మాట్లాడతారు, చదవమంటే తల దించుకుంటారు. పర్లాకిమిడికి ఆనుకునే ఉన్న పాతపట్నంలోనూ, కాస్త అవతల టెక్కలి, పలాస, పార్వతీపురంలోనూ తెలుగు చెప్పగలిగినవారు ఎందరో ఉన్నారు. వారి గొంతు మన తరగతి గదిలోకి ఎలా తెచ్చుకోవాలో వరుసగా చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక్క సూత్రం మనసులో పెట్టుకోండి. నేరుగా లైనులో దొరికే నిమిషాలను పిల్లల గొంతు వినడానికే వాడాలి. పాఠం చదివి వినిపించడం, బొమ్మలు, వీడియోలు, అభ్యాసాలు ముందే దించి పెట్టుకోవచ్చు. ఒక బిడ్డ చదివిన మాట విని, తప్పు ఎక్కడుందో పట్టుకుని, మళ్లీ పలికించే పని మాత్రం ఏ వీడియో చేయలేదు. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ నిమిషాలను కాపాడుకోవడానికే.

మొదటి అడుగు: అనుమతి, ఇద్దరు పెద్దలు

ఏ యాప్ వేసుకోవాలన్నది తర్వాత సంగతి. తరగతి గదిలో ఒక పెద్ద, తెర అవతల ఒక పెద్ద ఉండాలి. గదిలో ఉండేవారికి తెలుగు రాకపోయినా ఇబ్బంది లేదు. పిల్లల పేర్లు తెలిసి, ఎవరు ఏ మూల ముడుచుకుని కూర్చున్నారో గమనించి, వారిని మైకు దగ్గరికి పంపగలిగితే చాలు. తెర ముందు పిల్లలను వదిలేసి ఆ పెద్ద ఆఫీసు పనికి వెళ్లిపోతే అది బోధన కాదు. దూరం నుంచి చెప్పేవారు ఎంత మంచి పంతులైనా నలభైమంది పిల్లలను తెరలోంచి కుదురుగా కూర్చోబెట్టలేరు.

అవతలి వ్యక్తి కోసం శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో పదవీ విరమణ చేసిన తెలుగు పండితులను అడగండి. నా అనుభవంలో వారే ఎక్కువ ఓపికగా వింటారు, సమయమూ ఇవ్వగలరు. వారానికి రెండు మూడు పీరియడ్లకు మించి అడగవద్దు. ఆ రెండూ తప్పకుండా జరిగితే అంతే మేలు.

ప్రధానోపాధ్యాయుల ద్వారా బ్లాకు విద్యాధికారికి ఒక ఉత్తరం రాయండి. పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం చేయించి దానికి జతపరచండి. ఈ కమిటీలు 2009 విద్యాహక్కు చట్టం కింద ఏర్పడ్డవే, కాబట్టి వారి తీర్మానానికి బలం ఉంటుంది. ఉత్తరంలో రాజ్యాంగంలోని 350ఎ అధికరణాన్ని తప్పకుండా ప్రస్తావించండి. 1956లో ఏడో సవరణతో చేరిన ఆ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం, ప్రతి స్థానిక సంస్థ కృషి చేయాలని చెబుతుంది. మనం దయ కోరడం లేదని ఆ ఒక్క వాక్యంతో చదివేవారికి అర్థమవుతుంది. ఖాళీగా ఉన్న తెలుగు పోస్టు భర్తీ చేయాలన్న విన్నపమూ అదే ఉత్తరంలో ఉండాలి. ఆన్‌లైన్ పాఠం నడుస్తోంది కదా అని పోస్టు సంగతి మరుగున పడిపోకూడదు.

రెండో అడుగు: సిగ్నలు, కరెంటు, శబ్దం

తరగతి జరిగే సమయంలోనే, జరిగే గదిలోనే పరీక్షించాలి. సాయంత్రం ఇంట్లో బాగా వచ్చే నెట్టు ఉదయం పదకొండుకు బడిలో రాకపోవచ్చు. మీ దగ్గరున్న ప్రతి కంపెనీ సిమ్మునూ కిటికీ దగ్గర, గది మధ్యలో, వరండాలో పెట్టి వేగం చూడండి. దిగుమతి (డౌన్‌లోడ్) వేగంతో పాటు ఎగుమతి (అప్‌లోడ్) వేగం కూడా రాసుకోండి. మన పిల్లల గొంతు అవతలికి చేరేది ఆ రెండోదాని మీదే. రెండు వైపులా ఒక ఎంబీపీఎస్ నిలకడగా వస్తే వీడియో కాల్ నడుస్తుంది. అంత రాకపోతే బొమ్మ ఆపేసి గొంతు ఒక్కటే ఉంచుకోండి. చదివించడానికి గొంతు చాలు.

సరిహద్దులో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. ఫోను ఒక నిమిషం ఒడిశా టవరును, మరో నిమిషం ఆంధ్ర టవరును పట్టుకుంటుంది. మారిన ప్రతిసారీ కాల్ తెగుతుంది. ఫోను సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంపికను ‘ఆటోమేటిక్’ నుంచి ‘మాన్యువల్’కు మార్చి, గదిలో బలంగా ఉన్న నెట్‌వర్కును మీరే ఎంచుకోండి. తరగతి అయ్యాక మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టండి, లేకుంటే ఇంటికి వెళ్లేసరికి ఫోను మూగబోతుంది.

శబ్దానికి డబ్బు పెట్టండి, తెరకు తర్వాత. బడిలో స్మార్ట్ టీవీయో, ఇంటరాక్టివ్ ప్యానెలో ఉంటే సంతోషం. లేకపోతే ఒక ల్యాప్‌టాప్, గది అంతా వినిపించే స్పీకరు, పొడవాటి తీగ ఉన్న కాలరు మైకు సరిపోతాయి. ల్యాప్‌టాప్‌లోని మైకు ఫ్యాను చప్పుడును, పక్క గది ఎక్కాలను కూడా అవతలికి పంపుతుంది. పిల్లవాడి నోటికి జానెడు దూరంలో మైకు ఉంటే తప్ప పలుకులోని తేడా అవతలికి అందదు. రేకుల కప్పు ఉన్న బడుల్లో జూలై, ఆగస్టు వానలకు ఏ మైకూ పనిచేయదు. ఆ రోజుల్లో రాత పని పెట్టుకోవడమే తెలివి.

కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా అతలాకుతలం చేసిందో మరచిపోలేం. అంత పెద్ద విపత్తు రాకపోయినా వేసవి కోతలు ఉండనే ఉంటాయి. ల్యాప్‌టాప్‌ను, స్పీకరును ముందు రోజే నిండా చార్జి చేసి ఉంచండి. నెట్టు ఇచ్చే ఫోనుకు ఒక పవర్‌బ్యాంక్ ఉంచండి.

మూడో అడుగు: రెండు రాష్ట్రాల క్యాలెండర్లు కలపడం

చాలా ప్రయత్నాలు ఆగిపోయేది ఇక్కడే. ఒడిశాలో విద్యా సంవత్సరం సాధారణంగా ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఎండలు ముదిరితే ఉదయం బడి నడుస్తుంది. ఆంధ్రలో బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. మనకు జూన్ నడుమ రజ పండుగ సెలవులు, వారికి జనవరిలో సంక్రాంతి సెలవులు. కాబట్టి రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని, ఇద్దరికీ పని దినమైన రోజులనే గుర్తించి సంవత్సర ప్రణాళిక వేయండి. అవతల ఉన్నది పదవీ విరమణ చేసినవారైతే ఈ గొడవ సగం తగ్గుతుంది.

మీ పిల్లలు రాయబోయే పరీక్ష ఏ బోర్డుదో, చేతిలో ఉన్న తెలుగు పుస్తకం ఏ రాష్ట్రం ముద్రించిందో చూసి, ఆ పుస్తకపు ఫొటోలు అవతలివారికి పంపండి. ఇద్దరి చేతిలోనూ ఒకే పేజీ ఉండాలి.

నాలుగో అడుగు: ముందే దించి పెట్టుకునే సామగ్రి

ఈ పనికి వారంలో ఒక సాయంత్రం కేటాయించండి. నెట్టు బాగా వచ్చే చోట కూర్చుని వచ్చే వారానికి కావలసినవి మాత్రమే దించుకోండి. అన్నీ ఒకేసారి దించుకుంటే ఏవీ చూడరు.

దీక్షా యాప్: 2017లో మొదలైన జాతీయ వేదిక ఇది. యాప్‌లో బోర్డును ఆంధ్రప్రదేశ్‌గా, మాధ్యమాన్ని తెలుగుగా, తరగతిని మీకు కావలసినదిగా ఎంచుకుంటే అక్కడి పాఠ్యపుస్తకాలకు అనుబంధంగా ఉన్న సామగ్రి కనిపిస్తుంది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను కెమెరాతో చదివించవచ్చు. ముద్రణ చెరిగిపోయి కెమెరా చదవలేకపోతే, కోడ్ కిందనే ఉండే ఆరు అక్షరాల సంకేతాన్ని టైపు చేస్తే సరిపోతుంది. నచ్చినదాన్ని యాప్‌లోనే దించుకుని నెట్టు లేకుండా చూపించండి. ఆంధ్రలో 2020-21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వచ్చిన ద్విభాషా పుస్తకాలు గణితానికి, సైన్సుకు మన పిల్లలకు ఎంతో ఉపయోగం.

స్టోరీవీవర్: ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన ఈ కథల నిధిని నేను అన్నిటికంటే పైన పెడతాను. తెలుగు కథలు నాలుగు చదువు స్థాయిలుగా ఉంటాయి. స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి దించుకుని, అచ్చు వేసి, పిల్లల చేతికి ఇవ్వవచ్చు. ఆరో తరగతి పిల్లలకైనా మొదటి స్థాయితోనే ప్రారంభించండి. ఒక పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి, బొమ్మ తోడుంటుంది, పుస్తకం పూర్తి చేశామన్న ఆనందం ఆ రోజే దక్కుతుంది. సౌరా (సవర), కుయి (కోంధుల భాష) కథలు కూడా అందులో ఉన్నాయి. గజపతి, రాయగడ బడుల్లో తెలుగు పిల్లల పక్కన కూర్చునే సవర, కోంధు పిల్లలను ఆ పీరియడ్‌లో వదిలేయకండి. 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు రాసిన నేల ఇది.

గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ తెలుగులోనూ ఉంది. బిడ్డ చదువుతుంటే విని, తడబడిన మాటను చూపిస్తుంది. కథలు దించుకుంటే నెట్టు లేకుండా పనిచేస్తుంది. అభ్యాసానికి మంచిదే, దాని తీర్పునే మార్కులుగా తీసుకోవద్దు.

సైన్సు, గణితానికి కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన, కంప్యూటరు తెర మీదే చేసి చూసే ఫెట్ ప్రయోగాలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. ఒక్కో ప్రయోగం ఒక్క ఫైలుగా దిగుతుంది, ఏ బ్రౌజరులోనైనా తెరుచుకుంటుంది. కివిక్స్ యాప్ ఉంటే తెలుగు వికీపీడియాను నెట్టు లేకుండా తిరగేయవచ్చు.

దించినవాటిని పెన్‌డ్రైవ్‌లో ‘వారం 1’, ‘వారం 2’ అని సంచులుగా పెట్టండి. పాత టీవీలు కొన్ని రకాల వీడియోలు చదవవు, కాబట్టి ఎంపీ4 రూపంలోనే ఉంచండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. తెలుగు పేర్లతో ఉన్న ఫైళ్లను కొన్ని టీవీలు గళ్లు గళ్లుగా చూపిస్తాయి, ఫైలు పేరు మొదట అంకె వేస్తే వెతుక్కోవడం తేలిక.

గదిలో ఉండే ఉపాధ్యాయులు ఒడియావారైతే, ఆ వారం పాఠం దేని గురించో వారికి తెలియాలి. గూగుల్ అనువాదంలో 2020 నుంచి ఒడియా కూడా ఉంది. పాఠం సారాంశాన్ని దాని ద్వారా ఒడియాలోకి మార్చి ఇవ్వండి. ఆ అనువాదాన్ని పిల్లల చేతికి మాత్రం ఇవ్వవద్దు.

ఐదో అడుగు: పీరియడ్ నడిపే తీరు

నలభై నిమిషాల పీరియడ్ అనుకుందాం. గంట కొట్టగానే లైను కలపవద్దు. మొదటి పది నిమిషాలు దించి పెట్టుకున్న కథను తెర మీద చూపిస్తూ, రికార్డు చేసిన గొంతుతో వినిపించండి. పిల్లలు వేలితో పుస్తకంలో వెంబడించాలి. తర్వాత ఇరవై నిమిషాలు లైను. చివరి పది నిమిషాలు నోటు పుస్తకంలో రాత.

లైనుకు ఖరీదైన వేదిక అక్కర్లేదు. ఇక్కడ ఉన్నది రెండు చివరలే, ఒకటి తరగతి గది, రెండోది పంతులుగారి ఇల్లు. బడి పేరు మీద తీసుకున్న నంబరుతో వాట్సాప్ వీడియో కాల్ చాలు. జూమ్ ఉచిత ఖాతా నలభై నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ఇద్దరి మధ్య కాల్‌కు ఆ ఇబ్బంది లేదు, ముగ్గురు, అంతకు మించి ఉంటే గంట పరిమితి.

ఇక ఆ ఇరవై నిమిషాల్లో ఏం వినాలి? ఒడియా బడిలో అక్షరాలు దిద్దిన తెలుగు పిల్లలు తెలుగు చదివేటప్పుడు ఎక్కడ జారతారో తెలిస్తే సగం పని అయినట్టే. ఒడియా లిపిలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు, ఒక్కొక్కటే ఉంది. అందుకే మన పిల్లలు మేడను మెడ అనీ, కోనను కొన అనీ చదువుతారు. ఒడియాలో రాతలో ఇ, ఈ ఉన్నా పలుకులో తేడా వినిపించదు, కాబట్టి గుడిదీర్ఘం దగ్గరా తడబాటే. ‘వ’ను ‘బ’గా పలకడం మరో అలవాటు, వాన బాన అవుతుంది. పదం మొదట్లో వచ్చే ‘య’ ‘జ’ అవుతుంది, యాత్ర జాత్ర అవుతుంది. శ, ష, స మూడూ ఒకటే అవుతాయి. ఇవి తెలివితక్కువతనం కాదు, ఒక లిపి నేర్చిన క్రమాన్ని రెండో లిపి మీద పెట్టి చదవడం. ఆ సంగతి అవతలి పంతులుగారికి ముందే చెప్పాలి. శ్రీకాకుళంలో ఎప్పుడూ ఎదురుపడని తప్పులివి.

పిల్లలకు వినికిడి ముందు, పలుకు తర్వాత. పంతులుగారు ‘మెడ’, ‘మేడ’ అని అటూ ఇటూ మార్చి పలుకుతారు. మెడ అంటే పిల్లలు తమ మెడ ముట్టుకోవాలి, మేడ అంటే చెయ్యి పైకెత్తాలి. నాలుగో తరగతి పాప ఒకతె మొదట అన్నిటికీ పక్కవాళ్లను చూసి చెయ్యెత్తుతుంది. కళ్లు మూసుకోమంటే అప్పుడు నిజంగా వింటుంది. తేడా చెవికి పట్టాక మైకు దగ్గరికి వచ్చి ఆ రెండు మాటలూ పలుకుతుంది. “మాస్టారూ, ఇప్పుడు సరిగా వచ్చిందా?” అని తెర వైపు చూస్తుంది. “వచ్చిందమ్మా, ఇంకోసారి అను” అన్న జవాబు అప్పటికప్పుడే రావాలి. లైను అందుకే.

ఒక్క పీరియడ్‌లో ఏడెనిమిది మందికే వంతు వస్తుంది. పేర్ల పట్టిక గోడకు అతికించి, చదివినవారి పేరు పక్కన తేదీ వేయండి. లేకుంటే ముందు వరుసలోని నలుగురే ఏడాది పొడవునా చదువుతారు. వంతు రానివారు ఆ రోజు జతలుగా కూర్చుని ఒకరికొకరు చదివి వినిపించుకోవాలి.

లైను తెగితే ఏం చేయాలో తెల్లకాగితం మీద రాసి గోడకు పెట్టండి. వీడియో ఆపి మళ్లీ కలపాలి. అప్పటికీ కుదరకపోతే మామూలు ఫోను కాల్‌ను స్పీకరులో పెట్టాలి. అదీ అందకపోతే జతల చదువు. రెండు నిమిషాలకు మించి పిల్లలు ఖాళీ తెర చూస్తూ కూర్చోకూడదు.

ఆరో అడుగు: ఇంటి దగ్గర

ఇంట్లో ఫోను ఉన్నా అది నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది. వీడియో హోంవర్కు పెట్టకండి. పంతులుగారు ఆ వారం కథను ఒక నిమిషం గొంతు సందేశంగా పంపుతారు, దానికి అయ్యే డేటా చాలా స్వల్పం. వీధిలో ఒక్క ఫోను ఉన్నా ముగ్గురు నలుగురు కలిసి వింటారు. నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పే సామెతలు, పొడుపు కథలు పిల్లలు రికార్డు చేసి తెస్తే, అవే మరుసటి వారం చదివే పాఠాలు. తీరంలోని తెలుగు మత్స్యకార కుటుంబాల్లో వలల పేర్లు, చేపల పేర్లు, గాలుల పేర్లు ఎన్ని ఉన్నాయో ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

బడి మానేసి సూరత్‌కు వలస వెళ్లిన అన్నలు, పడవ ఎక్కిన తమ్ముళ్లు ఉంటే వారికి జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ గురించి చెప్పండి. అక్కడ పదో తరగతి స్థాయి తెలుగు మాధ్యమంలోనూ చదవవచ్చు. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది పరీక్ష అవకాశాలు ఉంటాయి. గడువు తేదీలు చూసి దరఖాస్తు నింపడంలో మీ బడి కంప్యూటర్ వారికి ఉపయోగపడాలి.

ఏడో అడుగు: ఫలితం చూసుకోవడం

నెలకోసారి ఒక్కో బిడ్డను విడిగా చదివించండి. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో వాడే తెలుగు పఠన పత్రం ఉచితంగా దొరుకుతుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో రాసుకోండి. రెండు నెలలైనా మెట్టు మారని బిడ్డకు తెర సమయం పెంచడం పరిష్కారం కాదు, గదిలోని ఉపాధ్యాయులు పక్కన కూర్చుని చదివించాలి.

ఎనిమిదో అడుగు: పిల్లల భద్రత

పిల్లల ఫోను నంబర్లు అవతలివారికి ఇవ్వవద్దు. మాట్లాడేది తరగతి గదిలో, మరో పెద్ద సమక్షంలో మాత్రమే. గొంతు సందేశాల గ్రూపులో తల్లిదండ్రులు ఉండాలి, సందేశం పెట్టే హక్కు నిర్వాహకులకే ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. ఆ సమ్మతి పత్రం ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చు వేయించి, చదవలేనివారికి చదివి వినిపించి సంతకం తీసుకోండి. రికార్డింగులు నెల పరీక్ష అయ్యాక చెరిపేయండి. పిల్లల ముఖాలను ఎవరి సొంత పేజీలోనూ పెట్టవద్దు.

చివరి పని: బడి పేరు మీదే అన్నీ

సిమ్ము, ఈమెయిలు, దీక్షా ఖాతా, వాట్సాప్ నంబరు ఒక ఉపాధ్యాయుని సొంతవి కాకూడదు. బదిలీ కాగితం వచ్చిన రోజు ఆయనతో పాటు తరగతి కూడా వెళ్లిపోతుంది. బడి పేరు మీద ఈమెయిలు తెరిచి, పాస్‌వర్డులు, అవతలి పంతులుగారి నంబరు, రీఛార్జి తేదీ, ఏ సిమ్ము ఏ కిటికీ దగ్గర పనిచేస్తుందన్నది ఒక రిజిస్టరులో రాయండి. రిజిస్టరు ప్రధానోపాధ్యాయుల బీరువాలో ఉండాలి. యాజమాన్య కమిటీలో ఒక తల్లికో తండ్రికో అది ఎక్కడుందో తెలిసి ఉండాలి.